ఖుర్సీపార్‌లో పోయిన నా కోరపళ్లు

మీ ఇంట్లో నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల ఉందా? ఉంటే, ఆ చెయ్యి అక్కడికి దానంతట అదే వచ్చిందని నమ్ముతున్నారా?

నేను అలాగే నవ్వుతాను. మూఢనమ్మకాల మీద ఎన్ని సభల్లో మాట్లాడానో, ఎంతమంది పెద్దలతో తగువు పెట్టుకున్నానో లెక్కలేదు. వేదిక మీద నా గొంతు వణకదు. కానీ ఎవరైనా ఒక చతురు విసిరితే చాలు, కుడిచెయ్యి లేచి పెదాల మీదికి వచ్చేస్తుంది. ఒకసారి సభ ముగిశాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "మాట కత్తిలా ఉంది గానీ, నవ్వులో ఎంత అణకువమ్మా!" అని మెచ్చుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అది అణకువ కాదు. నా పన్నెండో ఏట మా వీధి వీధంతా కలిసి నా నోటి మీద పెట్టిన చెయ్యి అది. ఇంత వాదించిన నేను, ఆ చేతిని మాత్రం దించలేకపోయాను.

మా నాన్న భిలాయి ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపేవాడు. విజయనగరం దగ్గర పల్లె నుంచి, కార్ఖానా కట్టే రోజుల్లోనే వచ్చి స్థిరపడ్డాడు. ఖుర్సీపార్‌లో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ల వరసలో మాదొక ఇల్లు. ఆ వరసని లైను అనేవాళ్లం. నేనొక్కదాన్నే పిల్లని. నాన్నకి రాత్రి షిఫ్టు పడిన వారమంతా పగలు ఇంట్లో గరిటె చప్పుడైనా అమ్మ కళ్లెర్రజేసేది. బడిలో హిందీ. నా హిందీలో తెలుగు యాస దొర్లితే వెనక బెంచీ నుంచి ఇకిలింపులు వినపడేవి. ఇంట్లో నోరు తెరిస్తే తిట్లు, బడిలో తెరిస్తే నవ్వులు. అలా నాకు మాటలు తగ్గిపోయాయి.

నాతో మాట్లాడిన పిల్ల ఒక్కతే, పక్కింటి పిల్ల. వాళ్లు కిరస్తానీలు. తాతల నాటి నుంచి రైల్వేలో ఉన్న కుటుంబం. వాళ్ల నాన్న కార్ఖానా లోపల ఇంజన్లు నడపడానికి వచ్చాడు. ఆ పిల్ల నాకన్నా ఒక ఏడాది చిన్న. నోటికి హద్దు లేదు. ఇద్దరం పెరటి మెట్ల మీద కూర్చుని, కార్ఖానాలో ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం, అదే స్లాగు, ముక్కలతో గచ్చకాయలాట ఆడేవాళ్లం. గాజులా నున్నగా మెరిసే ముక్కలు ఏరి తెచ్చేది. నేను ఓడిపోతే, "ఒలే, సేతులున్నాయా, అట్లకాడలా అయ్యి?" అనేది. నేను నోరంతా తెరిచి నవ్వేదాన్ని. అలా నవ్వడం నాకు గుర్తుంది.

నా కోరపళ్లు రెండూ పక్కపళ్ల మీదికి ఎక్కి, కొంచెం పొడుగ్గా ఉండేవి. ఆ పన్నెండో ఏటి దాకా అమ్మ వాటిని చూసి మురిసిపోయేది. పన్ను మీద పన్ను ఎక్కితే అదృష్టమట. ఆ పళ్ల వల్ల మాకు ఏ అదృష్టమూ పట్టలేదు. అయినా ఆ మాట ఎవరికీ హాని చెయ్యదు కదా అనుకుంటాం. ఇవాళ మంచి చేస్తుందని నమ్మిన పన్ను రేపు చెడు చేస్తుందని నమ్మడానికి ఎంతసేపు పడుతుంది? మా లైనుకి ఒక సినిమా పట్టింది.

చలికాలం. చీకటి తొందరగా పడుతోంది. మైదానంలో రెండు గుంజలకి తెల్లగుడ్డ కట్టి బొమ్మ వేశారు. ఏ దేశపు బొమ్మో తెలియదు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ప్రొజెక్టరు పక్కన ఒకాయన మైకు పట్టుకుని హిందీలో కథ చెబుతున్నాడు. ఆయనకీ ఆ భాష రాదని ఇప్పుడు నాకు అనుమానం. బొమ్మలో పాడుపడ్డ పిండిమర ఉంది. అందులో ఒక పిల్ల ఉంటుంది. పగలు బయటికి రాదు. నెత్తురు తాగి బతుకుతుంది. ఆ ఊళ్లోనే ఒక కుర్రాడు. వాడితో ఎవరూ ఆడరు. వాడొక రోజు తన బంతిని మర తలుపు కింది సందులోంచి లోపలికి దొర్లిస్తాడు. కాసేపటికి బంతి తిరిగి వస్తుంది. వాడు మళ్లీ దొర్లిస్తాడు. అంతే, వాళ్ల స్నేహం మొదలైంది.

నాకు ఒళ్లు మరిచిపోయినట్టయింది. నేను నా కథ చూస్తున్నాను. పక్కన మా పక్కింటి పిల్ల నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

బొమ్మలో పిల్ల మొదటిసారి నోరు తెరిచింది. పొడవాటి కోరలు. మైకాయన, "దేఖో, టోన్హీ!" అని అరిచాడు. ఛత్తీస్‌గఢీ వాళ్లు మంత్రగత్తెని అనే మాట అది. సరిగ్గా అప్పుడే కార్ఖానాలో కరిగిన స్లాగు పారబోశారు. మాకు రోజూ అలవాటైన సంగతే. ఆకాశం ఒక్కసారి ఎర్రబడి చల్లారిపోతుంది. కానీ ఆ సాయంత్రం ఆ ఎరుపు తెల్లగుడ్డ మీద పడింది. ఆ పిల్ల నోరూ, పళ్లూ, మొహమూ నెత్తుటి రంగైపోయాయి. జనం కెవ్వుమన్నారు. "ఓలమ్మో!" అంటూ ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని లేచిపోయారు.

మేమిద్దరం కదల్లేదు. మిగతా బొమ్మ చూసిన కొద్దిమందిలో మేమున్నాం. కుర్రాడి వేలు తెగి నెత్తురు కారుతుంది. ఆ పిల్ల మొహం తిప్పుకుంటుంది. తరవాత తన జడ రిబ్బను విప్పి ఆ వేలికి కట్టు కడుతుంది. "సూసావా, అది కొరకనేదు," అంది మా పిల్ల ఇంటికి నడుస్తూ. "ఆకలేసినా కొరకనేదు."

ఆ ఒక్క ముక్కా చూడకుండా లేచిపోయినవాళ్లే మర్నాటి నుంచి కథ చెప్పారు.

కుళాయి దగ్గర కుర్రాళ్లు నన్ను చూసి మెడలు కప్పుకున్నారు. "ఏయ్ డాయన్, ఖూన్ పియేగీ?" అని ఒకడు. ఏయ్ మంత్రగత్తే, నెత్తురు తాగుతావా అని. "దాని నోరు సూడండ్రా, సినిమావోల్లు దీన్ని సూసే తీసుంటారు," అని ఇంకొకడు. నేను పెదాలు మూసుకున్నాను. అక్కడితో ఆగిపోయేదేమో. కానీ మా పిల్ల తమ్ముడు, రెండేళ్లవాడు, ఆ రోజుల్లోనే పాలిపోతున్నాడు. మట్టి తినేవాడు. కళ్ల కింద తెల్లగా, పెదాలు తెల్లగా. ఎత్తుకుంటే బరువే తెలిసేది కాదు. వాణ్ణి నేను రోజూ ఎత్తుకు తిప్పేదాన్ని.

మా వైపు ఊళ్లలో చిల్లంగి అనే నమ్మకం ఉంది. చిల్లంగి తెలిసినవాళ్లు మనిషి నెత్తురు కంటికి కనపడకుండా లాగేస్తారట. దానికి విరుగుడు వాళ్ల పళ్లు ఊడగొట్టడం. పళ్లు లేకపోతే మంత్రం పలకదట, నెత్తురు లాగదట. సామాన్ల మూటలతో పాటు దాన్ని కూడా రైలెక్కించి భిలాయి తెచ్చుకున్నారు మావాళ్లు. టోన్హీ అని మైకులో విన్నదాన్ని చిల్లంగి అని తెలుగు చేసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

పక్కింటి అత్త మా ఇంటికి వచ్చింది. నాలుగైదు రకాలుగా మొదలుపెట్టి, చివరికి చెప్పింది. "వదినా, మేం ప్రభువుని నమ్మినోల్లం. ఇయ్యన్నీ మాకు నేవు. కానీ నలుగురూ అంటన్నారు. నీ గుంట మావోడిని ఎత్తుకోకుండా ఉంటే..."

అమ్మ మొహం చిన్నబోయింది. "నాను మాత్రం నమ్ముతానేటి వదినా? నీ మనసు కట్టం నాకు తెల్దా? ఎత్తుకోదులే."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అప్పుడు మొదటిసారి నా చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

రెండు రోజులు నేను పెరట్లోకి వెళ్లలేదు. మూడోనాడు మా పిల్ల గోడెక్కి దూకింది. జబ్బ మీదికి గౌను చెయ్యి మడిచి, నా మొహం ముందు పెట్టింది.

"కొరుకు."

"పిచ్చా నీకు?"

"కొరకవే. నాకేటవుతాదో సూద్దాం. ఏటీ అవ్వకపోతే మా అమ్మకి సూపిస్తాను. అప్పుడు నోరు మూస్తాది."

నేను ఆ తరవాత తర్కం గురించి చాలా చదివాను. సందేహం వస్తే పరీక్షించి చూడాలని అంత సూటిగా ఎవరూ నాకు నేర్పలేదు. నేను వద్దన్నాను. తను ఏడ్చింది. "నన్ను కొరకవా? అయితే నువ్వు నిజంగా చిల్లంగే, అందుకే బయపడతన్నావు," అని రెచ్చగొట్టింది. కళ్లు మూసుకుని ఆ చేతి మీద పళ్లు ఆనించాను. "గట్టిగా!" అంది. గట్టిగా నొక్కాను. నెత్తురు రాలేదు. రెండు గుంటలు పడి కమిలాయి. తను వాటిని చూసుకుని గెలిచినదానిలా నవ్వింది.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర, అందరి ముందూ, తన జబ్బ ఎత్తి చూపించింది. "ఇగో, నన్ను కొరికింది. రాత్రంతా తొంగున్నాను. ఇడ్లీలు కూడా తిన్నాను. నాకేటయ్యింది? సెప్పండి!"

బిందెలు కింద పెట్టేశారు. ఎవరూ ఇడ్లీల మాట వినలేదు. గుంటలు మాత్రం చూశారు. ఇన్నాళ్లూ ఎవరి దగ్గరా లేని రుజువు వాళ్లకి దొరికింది. అత్త పరుగున వచ్చి కూతురి రెక్క పట్టుకుని, ఆ గుర్తుల మీద పసుపు రాసి, తరవాత ఆ పిల్లని చావబాదింది. ఆ ఏడుపు మా గోడలోంచి వినపడుతుంటే నేను మంచం కింద దూరాను. నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. నా నోరు నాకే మురికిగా అనిపించింది. పుక్కిలించాను, మళ్లీ పుక్కిలించాను. తప్పు ఎవరిదో వాళ్లు కోపంతో తిరుగుతుంటే, తప్పు లేనిది సిగ్గుతో మంచం కింద ఉంది. ఈ ఏర్పాటు మీద నాకు కోపం రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

సాయంత్రం మగవాళ్లు మా అరుగు దగ్గరికి వచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. "బావా, మేం నమ్మి కాదు. ఆడోల్లు బయపడతన్నారు. పిల్ల పళ్లు ఎలాగూ ఎత్తు కదా, తీయించేస్తే పెళ్లికి కూడా మంచిదే," అన్నాడు ఒకాయన. అందరూ తలలూపారు.

వాళ్లు వెళ్లాక నాన్న అమ్మతో అన్న మాట ఇది: "నాకేటీ నమ్మకం నేదు. కానీ లైన్లో బతకాల కదా."

చూశారా? ప్రభువుని నమ్మిన అత్త నమ్మలేదు. అమ్మ నమ్మలేదు. అరుగు దగ్గరికి వచ్చిన మగవాళ్లు నమ్మలేదు. అంత ఎత్తున క్రేనెక్కి, కరిగిన ఇనుము బానల్ని ఎక్కడ దించాలో అక్కడ దించే నాన్న నమ్మలేదు. మా లైనంతా వెతికినా చిల్లంగిని నమ్మానని ఒప్పుకునే మనిషి ఒక్కరు దొరకరు. అయినా ఆదివారం నా పళ్లు ఊడాయి.

క్యాంప్ వన్ బజారులో గోనెపట్టా మీద పళ్లు పీకేవాడు కూర్చునేవాడు. ముందర గుడ్డ మీద పీకిన పళ్లు గుట్టగా పోసి ఉండేవి. నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. దారిలో జిలేబీ కొనిచ్చాడు. పళ్లు పీకేవాడు నా దవడ పట్టుకుని చూసి, ఇవి గట్టి పళ్లు, ఎందుకు తీయించడం అని హిందీలో అడిగాడు. "దర్ద్ హై," అన్నాడు నాన్న. నొప్పిగా ఉందట. మా నాన్న అబద్ధమాడటం నేను వినడం అదే మొదలు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. కదలకుండా నా తల రెండు చేతులా పట్టుకున్నది ఆయనే. చుట్టూ జనం నిలబడి చూస్తున్నారు. నొప్పి కన్నా వాళ్ల చూపు ఎక్కువ గుర్తుంది.

ఆ వారంలోనే పక్కింటి పసివాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లారు. కడుపులో కొంకి పురుగులు. మట్టిలోంచి కాళ్లకెక్కి, పేగులకి కరుచుకుని నెత్తురు పీల్చే పురుగులు. వాడి నెత్తురు తాగినవి అవి. మందిచ్చారు, పడిపోయాయి. నెల తిరిగేసరికి వాడి పెదాలు ఎర్రబడ్డాయి. లైనంతా ఊపిరి పీల్చుకుంది. "పళ్లు తీసినాక సూడు, పిల్లోడు ఎలాగ తేరుకున్నాడో!" అన్నారు. పురుగుల సంగతి వాళ్ల నాన్నే మా నాన్నతో చెప్పాడు. నాన్న విని, లోపలికి వచ్చి, చాలాసేపు చొక్కా గుండీలు విప్పకుండా కూర్చున్నాడు. ఆ మాట లైన్లో ఎవరితోనూ అనలేదు. ఆ తరవాత బతికినన్నాళ్లూ, నేను నవ్వితే తల పక్కకి తిప్పుకునేవాడు. నేను ఆయన కోసం కూడా నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

మా పిల్లని నాతో ఆడనివ్వలేదు. కానీ బడి ఒకటే. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే తరగతి గొల్లుమంది. మర్నాటి ప్రార్థన వరసలో చూశాను. మా పిల్ల కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కపిల్లతో మాట్లాడుతోంది. పళ్లన్నీ ఉన్న పిల్ల. ఆ ఏడాదంతా అలాగే మాట్లాడింది, అలాగే నవ్వింది. "మీ ఇద్దరికీ ఏం రోగం?" అని టీచరమ్మ విసుక్కునేది. ఇద్దరిలో పళ్లు లేనిది ఎవరో కొత్తవాళ్లకి తెలిసేది కాదు. వాళ్ల నాన్నకి తిరిగి రైల్వేలోకి, వాల్తేరు బదిలీ అయ్యి ఆ కుటుంబం వెళ్లిపోయేదాకా మా మధ్య దొర్లిన బంతి అదే.

ఆ పిల్ల ఒక్కతే నా సిగ్గులో సగం మోసింది. తక్కిన అందరూ నమ్మకం లేకుండానే వచ్చి నా తల పట్టుకున్నారు. నేను నమ్మేవాళ్లతో ఇన్నేళ్లు వాదించాను. పొరపాటు. వాదించవలసింది నమ్మని వాళ్లతో. అంటే మీతో.

నాకు నమ్మకం లేదు గానీ నలుగురి కోసం అనే ఆ మాట ఈసారి మీ నోట వస్తే, మధ్యలో ఆపెయ్యండి. ఆ నలుగురి ముందుకు వెళ్లి, నమ్మకం లేదని గట్టిగా చెప్పండి. ఇవాళే మీ ఇంట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ పిల్ల పక్కన కూర్చోండి. ఆ చెయ్యి ఎవరు పెట్టారో అడగండి. మీరే అయితే, తల పక్కకి తిప్పుకోకుండా, మీ చేత్తో దాన్ని దించండి.