నూటికి నూరు వచ్చిన క్లాసు

కోవిడ్ తగ్గి క్లాసులు మళ్లీ మొదలైన ఏడాది, భవానీపురం హెడ్డాఫీసులో ట్రైనింగ్ మేనేజరుగా ఉన్న నాకు కొత్త పని అప్పజెప్పారు. మాది కాంక్రీటు, ఇనుము పరీక్షించి రిపోర్టులిచ్చే ప్రైవేటు ల్యాబు. ఏటా అందరికీ రెండు గంటల ఎథిక్స్ క్లాసు, చివర్న ఇరవై ప్రశ్నల పరీక్ష. అది నిజంగా పనికొస్తోందో లేదో తేల్చమన్నారు డైరెక్టరు గారు. ప్రశ్నపత్రం తయారుచేసింది నేనే కాబట్టి హుషారుగా ఒప్పుకున్నాను.

అందరికీ నూటికి నూరు. క్లాసంతా గురక పెట్టిన స్టోర్‌కీపరుకీ నూరే. మైలవరం బ్రాంచి టెక్నీషియన్ సునీతకు మాత్రం తొంభై అయిదు. ‘రిపోర్టు మార్చమని ఒత్తిడి వస్తే ఎవరికి చెబుతారు?’ అన్న ప్రశ్న ఖాళీగా వదిలేసింది. బస్సెక్కి మైలవరం వెళ్లాను.

“జవాబు బ్రాంచి మేనేజరు గారని తెలుసు కదమ్మా, రాయలేదేం?”

“ఒత్తిడి చేసేది ఆయనేనండి,” అంది.

ఓ స్కూలు భవనం శ్లాబుకు వాడిన కాంక్రీటుతోనే నమూనాగా పోసిన దిమ్మలు మెషీన్లో పెట్టి నొక్కితే ఉండాల్సినంత బలం లేదని తేలిందట. గట్టిగా ఉన్న వేరే దిమ్మల ఫలితాన్ని ఈ దిమ్మల నంబరు మీద ఎక్కించమని మేనేజరు అంటున్నాడు. మూడు రోజులుగా సునీత సంతకం పెట్టకుండా నెట్టుకొస్తోంది. నా ప్రశ్నపత్రం మీద నాకున్న గర్వం అక్కడికక్కడే దిగిపోయింది.

అక్కణ్ణుంచే డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. స్కూలు కడుతున్నవాడు మనకు పనులిచ్చే పెద్ద కాంట్రాక్టరని నసిగారు. “పిల్లలు కూర్చునే చోటండీ,” అన్నాను. ఫెయిలైనట్టే రిపోర్టు వెళ్లింది. కాంట్రాక్టరు మమ్మల్ని వదిలేశాడు. శ్లాబు మాత్రం పగలగొట్టి మళ్లీ పోశారు. మేనేజరును తప్పించారు.

ఆ తర్వాత పరీక్ష ఎత్తేశాను. మేనేజర్లను టెక్నీషియన్ల కుర్చీలో కూర్చోబెట్టి, టెక్నీషియన్లను మేనేజర్లుగా మాట్లాడమన్నాను. “ఈ ఒక్కసారికీ కానివ్వవయ్యా, నీ ప్రమోషన్ సంగతి నేను చూసుకుంటాగా!” అని సునీత దబాయిస్తే హాలంతా గొల్లుమంది. టెక్నీషియన్ కుర్చీలో ఉన్న వేరే బ్రాంచి మేనేజరు తల గోక్కున్నాడు. ఫిర్యాదులు నేరుగా హెడ్డాఫీసుకే వచ్చేలా ఒక ఫోన్ నంబరూ పెట్టించాం.

ఆర్నెల్లు తిరిగేసరికి డైరెక్టరు గారు కంగారుగా పిలిచారు. “ట్రైనింగ్ ఇచ్చాక తప్పులు పెరిగాయేంటండీ?”

“పెరగలేదండి. మనదాకా వస్తున్నాయి.”

జవాబు తెలియక తప్పు చేసేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. తెలిసినా ఎవరికి చెప్పుకోవాలో తోచక ఊరుకున్నవాళ్లే ఎక్కువ. ఎథిక్స్ క్లాసు ఫలితం మార్కుల్లో వెతకడం నా పొరపాటు. క్లాసు అయ్యాక ఎంతమంది నోరు విప్పారన్నదే చూడాల్సిన లెక్క.