రోజూ నీళ్లొచ్చే గల్లీ

మా గల్లీకి నీళ్లు వదిలేది సారయ్య. చౌరస్తాలో ఇనుప మూత ఎత్తి, పొడవాటి చావి దించి లోపలి వాల్వు తిప్పితేనే మా నల్లాలు పలికేవి. చంద్రపూర్‌లో ఏళ్ల తరబడి తిప్పుతున్నా అతను టెంపరరీయే. కాపురం వర్ధా నది అవతల, రాజురాలో.

1994లో ఉత్తర్వు వచ్చింది. మున్సిపాలిటీ నౌకరి చేసేవాళ్లు ఊళ్లోనే కాపురముండాలి. అలా ఉన్నవాళ్లనే పర్మినెంట్ చేస్తారు. దాని మీద సంతకం పెట్టిన పెద్ద సారు ఆ సాయంత్రమే బస్సెక్కి నాగపూర్‌లోని తన ఇంటికి వెళ్లిపోయారు.

సారయ్య మా పక్కింటి సావిత్రత్త దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నాడు. తలుపు మీద పేరు రాయించి, మళ్లీ రాజురా పోయాడు. ఆ గదిలో నిజంగా కాపురమున్నది సావిత్రత్త మేక.

తనిఖీ ఉందని కబురు రాగానే అతని భార్య కాంతమ్మ బస్సు దిగింది. స్టవ్వు, గిన్నెలు, దేవుడి పటం, ఆరేయడానికి తడి చీరలు కూడా రాజురా నుంచే తెచ్చింది. మేకను బయట కట్టేశారు.

“రేషన్ దుకాణం ఎక్కడుంది?” సారయ్య పరీక్ష పెట్టాడు.

“మారుతి గుడి పక్కకు.”

“ఇల్లుగలామె పేరేంది?”

“సావిత్రి. ఏందయ్యా, నౌకరి నీకిస్తున్నరా, నాకా?”

తనిఖీకి వచ్చింది హెడ్ క్లర్కు అనంతరావు. మన తెలుగాయనే. రోజూ వరోరా నుంచి వచ్చిపోతారు. ఆయన తడి చీరలు చూశారు, చాయ్ తాగారు. లేవబోతూ అడిగారు.

“ఏమ్మా, ఇక్కడ నల్లా ఎప్పుడొస్తది?”

సారయ్య అన్నీ నేర్పాడు గానీ ఇదొక్కటి నేర్పలేదు. నీళ్లు వదిలేవాడి పెళ్లానికి నీళ్ల సంగతి చెప్పాలని ఎవరికి తోస్తుంది?

కాంతమ్మ రాజురాలోని తన నల్లాను తలుచుకుంది.

“రోజూ పొద్దుగాల ఐదింటికి, సారూ. ధార గట్టిగుంటది. ఇట్ల పెడితే అట్ల నిండుతది బిందె.”

మా గల్లీకి నీళ్లు నాలుగు రోజులకోసారి, అదీ సారయ్య బస్సు దిగాక. గుమ్మంలో సావిత్రత్త నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. వరోరాలో స్నానం చేసి వచ్చే అనంతరావుకు మాత్రం ఆ జవాబులో లోపమేమీ కనిపించలేదు. సంతోషంగా రాసుకున్నారు.

పర్మినెంట్ ఆర్డరు వచ్చింది. ఆ వారమే, నీళ్లు రావడం లేదని మేం పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. ఆ గల్లీకి రోజూ ఐదింటికి నీళ్లు వస్తున్నట్టు తనిఖీలో తేలిందట.

ఆడవాళ్లంతా సారయ్యను చుట్టుముట్టారు.

“నీ పెండ్లామే చెప్పిందంట గదా. ఇగ రోజూ ఐదింటికి తిప్పు.”

“టాంకిల నీళ్లుండాలె గదా, అక్కా.”

“లేవని ఆఫీసుల చెప్పుకో. కాంతమ్మ అసలు ఎక్కడుంటదో మేం చెప్తం.”

ఐదింటికి రాజురా నుంచి బస్సు లేదు. సారయ్య ఆ గదిలో మేక పక్కన పడుకోవడం మొదలుపెట్టాడు. రోజూ చీకటితోనే చావి తిప్పుతాడు. మూడు రోజులు గాలి వస్తుంది, నాలుగో రోజు నీళ్లు.

ఒకరోజు కాంతమ్మ కూర డబ్బా పట్టుకుని వచ్చింది.

“ఇంటికి ఎప్పుడొస్తవయ్యా?”

“ఇదే గదనే ఇల్లు. సారుకు నువ్వే చూపిచ్చినవ్.”

“సరే తియ్, గిన్ని నీళ్లియ్యి. ఎండల నడిచొచ్చిన.”

బిందె వంచినా చుక్క రాలేదు. సారయ్య చెంబు పట్టుకుని సావిత్రత్త గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె చెంబును చూసింది, అతన్ని చూసింది.

“ఏం సారన్నా, ఐదింటికి పట్టుకోలేదా?”