నా పేరు మీద రెండో సిమ్ము

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. నేను జనగామల ఒక టైలరక్క దగ్గర జాకెట్లు కుట్టేదాన్ని. మా తండా మహబూబాబాద్ దిక్కు. నా పెనిమిటికి చెల్పూర్ల కరెంటు ప్లాంటు కాడ పని. పదిహేను రోజులకొకసారి వచ్చేటోడు. ఆయనతోటి మాట్లాడనీకనే ఫోను కొన్నం. సిమ్ముల దుకాణమాయన ఓటరు కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు అడిగితే ఇచ్చిన. ఒక ఫోటోనే ఫారానికి అతికిచ్చిండు. రెండోది ఎందుకని నేను అడగలే.

ఏడాది గడిచినంక, ఒక బందునాడు పని లేక గదిల కూసోని హుక్కులు కుడుతున్న. ఒక మహిళా కానిస్టేబులు, ఇంకో కానిస్టేబులు వచ్చిండ్రు. నా పేరు, మా బాపు పేరు, తండా పేరు వాళ్లే చెప్పిండ్రు. అన్నీ నావే. స్టేషన్‌కు రమ్మన్నరు. సూది పైటకు గుచ్చుకొని అట్లనే పోయిన.

నా నంబరు చెప్పమంటే చెప్పిన. ఎస్సై ఇంకో నంబరు చదివి, అది కూడ నా పేరు మీదనే ఉన్నదన్నడు. రైలు రోకోకు ముందు ఎవరో ఆ నంబరు నుంచి ఒక ఆఫీసరును బెదిరించిండ్రట. ఆ సిమ్ము ఫారం నా ముందల పెట్టిండు. నా ఫోటోనే. కింద సంతకం ఇంగ్లీషుల ఉన్నది. నాకు తెలుగులనే సంతకం వస్తది.

"ఇది నేను పెట్టింది కాదు సార్," అన్న.

కాగితం ఇస్తే నా సంతకం పెట్టి చూపిచ్చిన. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసిండు. నీ భర్తను పిలువు, విచారణ చేస్తమన్నడు.

తెల్లారి నా పెనిమిటి వాళ్ల అన్నను తోలుకొని వచ్చిండు. ఎస్సై ఆ నంబరు కాల్‌ లిస్టు బల్ల మీద పరిచిండు. ఆఫీసరుకు చేసినయి నాలుగైదే. తక్కినయన్నీ ఒకటే నంబరుకు, రోజూ గంట, గంటన్నర. మా బావ వేలు పెట్టుకుంట ఒక్కొక్క వరుసా చదివిండు. నేను గోడ దిక్కు చూస్తున్న.

గదికి వచ్చినంక నా పెనిమిటి అడిగిండు, "ఎవరా మనిషి?"

"నాకెట్ల తెలుస్తది? ఆ ఫోను నాది కాదు."

"ఫోటో నీదే గద."

ఏడుపు రాలే. కోపం కూడ రాలే. అన్నం పొంగి పొయ్యి మీద పడుతుంటే చూసుకుంట నిలబడ్డ. మూత తియ్యాలెనని తోచలే.

రెండు నెలలకు అసలు సంగతి తేలింది. ఆ దుకాణమాయన మా అసోంటోళ్ల జిరాక్సుల మీద సిమ్ములు తీసి వేరేటోళ్లకు అమ్మిండట. నా పేరు మీది సిమ్ము కొన్నాయన ఎవరో, ఏ ఊరో నాకు చెప్పలే. ఎస్సై మాత్రం, "నీ మీద ఏం లేదమ్మా, ఇంటికి పో," అన్నడు.

ఫోన్ల ముచ్చట నాకంటె ముందే తండాకు చేరింది. అది నేను కాదన్న ముచ్చట చేరలే. మా అమ్మను మేం యాడి అంటం. నేను పోతె యాడి మక్కలు వొలుసుకుంట, నా మొకం చూడకుంట మా భాషల అడిగింది, "నాకన్న నిజం చెప్పు బిడ్డా." చెప్పిన. తలూపింది. నమ్మిందో లేదో తెలువదు.

నా పెనిమిటి నన్ను ఇడిచిపెట్టలే, ఒక్క దెబ్బ కొట్టలే. కాని నా ఫోను మోగినప్పుడల్ల తలెత్తి, "ఎవరు?" అంటడు. మెల్లగనే అంటడు. టైలరక్క అని చెప్తె మళ్ల అన్నం తింటడు. తెలంగాణ వచ్చిన రోజు బజారంత గులాలు చల్లుకున్నరు. ఎవరో నా చెంపకు పూసిండ్రు. కడుక్కొని వచ్చి మిషన్ మీద కూసున్న.

దాచుకునేటియి పెద్దోళ్లకు ఉంటయి, జాకెట్లు కుట్టేదానికి ఏముంటదని అనుకునేదాన్ని. నాకు ఉన్నది నా మాట ఒక్కటే. నేను మాట్లాడని మాటలకు అది పోయింది.

ఇప్పుడు జిరాక్సు ఎక్కడ ఇచ్చినా, ఏ పనికి ఇస్తున్ననో, ఏ రోజో దాని మీద అడ్డంగ రాసి ఇస్త. మొన్న ఒక ఆఫీసుల గుమస్తా నవ్విండు.

"నీ కాగితం ఎవలికి కావాలమ్మా?"

రాసుడు అయినంకనే ఆయన చేతికిచ్చిన.