ఆషాఢంలో రాయని కాగితం

షాపులూ ఆఫీసులూ అద్దెకిచ్చే వ్యాపారంలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, లీజింగులో చేరమంటారా, బిల్డింగులు చూసుకునే పనిలో చేరమంటారా అని. రెండింటిలో మంచీ చెడూ ఏదో ఒకటి చెప్పి పంపేస్తాను. నేనెలా ఎంచుకున్నానో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం రాజమండ్రిలో, కోటిపల్లి బస్టాండు దగ్గర ఒక షాపింగ్ కాంప్లెక్సును చూసుకోవడం. నిడదవోలు నుంచి రోజూ రైల్లో వచ్చేవాణ్ణి. యజమాని హైదరాబాదులో ఉండేవారు. ఇక్కడ వ్యవహారమంతా ఒక పెద్దాయనది, మేనేజరు గారు. ఆయన కింద నేను. జనరేటరులో డీజిల్ ఉందా, పైన ట్యాంకు నిండిందా, ఎవరి అగ్రిమెంటు ఎప్పుడు అయిపోతోంది, ఇవీ నా పనులు. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే చెప్పుకోవడానికి నామోషీగా ఉండేది.

రోడ్డు వైపు షాపుల్లో ఒకటి వలల కొట్టు. నైలాను వలలు, తాళ్లు, బెండ్లు, సీసపు గుండ్లు అమ్మేవారు. భర్త పోయాక ఒకావిడ ఒక్కతే దాన్ని నడుపుతోంది. గోదావరి మీద వేటకెళ్లేవాళ్లు, చేపల చెరువుల వాళ్లు బస్సు దిగి నేరుగా ఆ కొట్టుకే వచ్చేవారు. పదిహేనేళ్లుగా అక్కడే ఉంది. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాసేవారు, అయిపోగానే మళ్లీ రాసేవారు. ఆషాఢం అడ్డొస్తే మాత్రం ఆ నెల ఎవరూ కాగితం రాయరు. మాట మీద నడిచిపోతుంది.

ఆ ఏడాది ఆవిడ కాగితం గడువు సరిగ్గా ఆషాఢం ముందు అయిపోయింది. స్టాంపు పేపరు కూడా తనే కొని తెచ్చింది.

"ఎల్లుండి నుంచి ఆషాఢమంటండి. ఈలోగా రాసేసుకుందామా బాబూ?"

"రెండ్రోజుల్లో ఎక్కడవుతుందమ్మా? శ్రావణంలో మంచి రోజు చూసి రాసుకుందాం. మీ కొట్టెక్కడికి పోతుంది?"

నిజానికి అది గంట పని. రైలు టైమైపోతోందని నేనే బద్ధకించాను. ఆవిడ స్టాంపు పేపరు మడత పడకుండా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ ఆషాఢంలోనే ఊళ్లో కొత్తగా తెరిచిన లీజింగు ఆఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది. పెద్ద పెద్ద షోరూములకు చోటు వెతికి పెట్టడం వాళ్ల పని. జీతం ఎక్కువ, పైన కమీషను. మేనేజరు గారితో చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఉన్నవాళ్లు పదేళ్లు కదలకుండా ఉన్నారంటే మన పని బాగున్నట్టయ్యా. అక్కడ ఎవరో ఒకరు కదిలితేగానీ నీకు పని ఉండదు. ఆలోచించుకో."

ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఇంటర్వ్యూలో ఆఫీసు పెద్ద ఒక్కటే అడిగాడు. "సెల్‌ఫోన్ల షోరూముకి రోడ్డు మీద రెండు షట్టర్లు పక్కపక్కన కావాలి. మీ కాంప్లెక్సులో ఒకటి ఖాళీ అయిందట కదా. దాని పక్కదో?"

"వలల కొట్టు సార్" అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఆయన చూపు నా మీద నుంచి కాగితాల మీదకు వెళ్లిపోయింది. ఈ ఉద్యోగం పోయినట్టేననిపించి, "దానికి ప్రస్తుతం అగ్రిమెంటు లేదు సార్" అన్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆయన తలెత్తి, కుర్చీ ముందుకి జరుపుకొని, టీ తెప్పించాడు.

శ్రావణం మొదటి వారంలో నేను అక్కడ చేరాను. అదే వారం ఆవిడను కొట్టు ఖాళీ చేయమన్నారు. హైదరాబాదులో ఉన్న యజమానికి షోరూము వాళ్లిచ్చే అద్దె ముందు పదిహేనేళ్ల మాట ఆనలేదు. మేనేజరు గారు నన్నేమీ అడగలేదు. అడిగి నాలుగు చీవాట్లు పెట్టుంటే కాస్త తేలికపడేవాణ్ణేమో.

నెల తిరక్కుండా ఆవిడ మా ఆఫీసుకే వచ్చింది. ఏసీ గదిలో కుర్చీ అంచున కూర్చుని, "మీకన్నీ తెలుసు కదండి, ఎక్కడైనా చిన్న కొట్టు చూసి పెట్టండి బాబూ" అంది. వారం తిరిగి వెనక సందులో ఒకటి వెతికి పెట్టాను. పాత కొట్టులో సగం కూడా లేదు. బస్సు దిగినవాళ్లకి కనబడదు. ఐదేళ్లకు లీజు నేనే రాయించి, రిజిస్ట్రారు ఆఫీసుకి నేనే తీసుకెళ్లాను. కమీషను ఇవ్వబోతే తీసుకోలేదు. దాంతో నేను చాలా మంచివాణ్ణని ఆవిడకు ఖాయమైపోయింది. అసలు సంగతి అప్పుడైనా చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. బయట వరండాలో ఆవిడ వేలికున్న సిరా చీర కొంగుకి తుడుచుకుంటూ అంది:

"మీరా పని మానేశారు గానీ, మీరే ఉండుంటే మా కొట్టు పోనిచ్చేవారా బాబూ?"

"పోనిచ్చేవాణ్ణి కాదమ్మా" అన్నాను.