లోపలి గడియ

వానాకాలంలో ఎల్లారెడ్డిలోని మా ఇంటి బాత్రూంలో కాలు జారి పడ్డాను. ఎముక విరగలేదు గానీ మోకాలు బూరెలా పొంగింది. లోపల గడియ పెట్టుకుని ఉన్నాను కాబట్టి నన్ను బయటికి తీయడానికి కొడుకు తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. కొత్త తలుపుకు లోపలి గడియ పెట్టించలేదు.

"దగ్గరికేసుకుంటె సాలు, అవ్వా. మల్ల పడితె ఎట్ల తీయాలె?" అన్నాడు కొడుకు. కామారెడ్డిలో నౌకరీ చేసేవాడు, నాలుగు విషయాలు తెలిసినవాడు. డెబ్బై దాటిన మనిషికి ఇంకా సిగ్గేమిటి అనుకున్నాడేమో. నాకైతే ఉంది సిగ్గు. అయినా సరేనన్నాను.

మేమిద్దరం మరిచింది కోతులను. మా దగ్గర ఏ తలుపు గడియ పెట్టకుండా కనిపించినా, కోతులు దూరతాయని బయటినుంచి పెట్టేస్తాం. ఆ పని చేయి చేసేస్తుంది, బుద్ధికి తెలియదు. ఒక పొద్దున నేను స్నానం ముగించి చీర చుట్టుకుంటుంటే బయట గడియ పడిన చప్పుడైంది. కోడలే. నేను ఎప్పుడో వచ్చేశాననుకుని, గడియ పెట్టి చేనుకు వెళ్ళిపోయింది.

పిలిచాను, తలుపు బాదాను. గల్లీలో మక్కలు ఒలిచే మిషన్ హోరుమని నడుస్తోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కోడలిని నోటికొచ్చినట్టు తిట్టాను. వినడానికి ఆమె లేదు కాబట్టి ధారాళంగా తిట్టాను. తడి నేల మీద నిలబడలేక బకెట్ బోర్లించి కూర్చున్నాను. చచ్చిపోతానని కాదు నా భయం. ఇది కొడుక్కి తెలిస్తే ఈ మూల కూడా నాది కాకుండా పోతుందని. రోజంతా ఎవరో ఒకరి కళ్ళ ముందే ఉంటాను. నేను ఒక్కదాన్నే ఉండేది ఇక్కడే.

అన్నం వేళకు కోడలు వచ్చి తలుపు తీసింది. నన్ను చూసి ఏడ్చేసింది.

"నువ్వు లోపటున్నవని నాకు ఎర్కలే అత్తమ్మా."

"ఏం కాలే బిడ్డా. వానికైతె చెప్పకు."

"చెప్పకుంట నా పానం ఆగుతదా?"

మంచి పిల్ల కాబట్టే చెప్పేసింది.

బయటి గడియ కూడా ఊడదీశారు. ఇప్పుడు నేను స్నానానికి వెళ్తే, కోతులు రాకుండా, నేను పడకుండా, కోడలు తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంటుంది. నల్లా నీళ్ళ చప్పుడు ఆగితే చాలు, "అత్తమ్మా, మంచిగున్నవా?" అంటుంది. "ఉన్న బిడ్డా" అంటాను.

ఆ రోజు ఎంత అరిచినా ఎవరికీ వినబడలేదు. ఇప్పుడు కాస్త ఏడవాలన్నా నల్లా తిప్పుకోవాలి.