వాక్యం కింద నొక్కిన బటన్

మా నాన్న పొద్దున్నే లేచి చేసే మొదటి పని, మా చర్చి సంఘంలో అందరికీ ఫోన్‌లో ఆ రోజు బైబిలు వాగ్దాన వాక్యం పంపడం. రిటైరయ్యాక ఆయనకు అదే ఉద్యోగం. అమీర్‌పేటలోని మా ఇంట్లో కాఫీ కంటే ముందు వాక్యం వెళ్లాలి. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి పిల్లలకు ఇంటర్వ్యూ ఉన్నా ముందు ఆయనకే చెప్పేవారు. ఆయన ఒక్క మెసేజ్ పెడితే సంఘమంతా ప్రార్థనకు కూర్చునేది.

పూల బొమ్మ మీద వాక్యం వేసి, కింద పంపినవారి పేరు పెట్టే యాప్ ఒకటి ఆయనకెవరో చూపించారు. అది ఆయన మెసేజ్‌లు పంపే అకౌంట్‌తోనే లోపలికి రమ్మంది. మీ పరిచయస్తుల పేర్లు చూడనా, మీ తరఫున మెసేజ్‌లు పంపనా అని వరసగా అడిగింది. అన్నిటికీ నాన్న సరే నొక్కారు. తర్వాత నేను కేకలేస్తే ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది.

"పైన దేవుని వాక్యం ఉందమ్మా. దాని కింద వద్దు అని ఎలా నొక్కుతాను?"

కొన్నాళ్లకు ఆయన పేరుతో ఆన్‌లైన్ పేకాట ప్రకటనలు పోవడం మొదలైంది. ఆపైన, ఆపదలో ఉన్నాను ఆదుకోండి అనే మెసేజ్‌లు. ఫోన్‌లోంచి యాప్ తీసేశాను, ఆగలేదు. పాస్‌వర్డ్ మార్చాను, ఆగలేదు. యాప్ తీసేసినంత మాత్రాన, అకౌంట్‌లోకి దానికిచ్చిన అనుమతి పోదట. ఆ సంగతి సెట్టింగుల్లో ఎక్కడో మూలనున్న పేజీ దొరికాక తెలిసింది. దాన్నిండా అలా అనుమతి ఉన్న ఏవేవో కంపెనీల పేర్లు. వాక్యాల యాప్ పేరు మాత్రం లేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం! మెట్రో స్టేషన్ కింద ఫోన్ల షాపతనికి చూపించాను.

"గివన్నీ ఏందో నాకు సుత తెల్వది మేడం. తీస్తే ఏది పోతదో ఏమో," అన్నాడు.

అతన్ని ఏమనగలను? బేగంపేట ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నాకే అర్థం కాలేదు. కసికొద్దీ అన్నీ తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. అప్పటికే పేర్లూ నంబర్లూ ఎత్తుకుపోయినట్టున్నారు, వేరే అకౌంట్ల నుంచి నాన్న ఫొటోతోనే మెసేజ్‌లు వస్తున్నాయి.

ఒక ఆదివారం పాస్టరు గారు, నాన్న ముందు వరసలో ఉండగానే, ఆయన పేరుతో ఏమొచ్చినా పట్టించుకోవద్దని అందరికీ చెప్పారు. మంచికే చెప్పారు. నాన్న తలూపారు. మర్నాటి నుంచి వాక్యం పంపడం మానేశారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత అమ్మకు ఉన్నట్టుండి గుండెనొప్పి వచ్చింది. పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఐసీయూ బయట నాన్న, అమ్మకు సీరియస్‌గా ఉంది, ప్రార్థన చేయండి అని ఆసుపత్రి పేరు కూడా పెట్టి సంఘానికి పంపారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దామంటే, అక్కర్లేదమ్మా, వాళ్లే వస్తారు అన్నారు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డారు. ఎవరూ రాలేదు.

సాయంత్రం ఒక ఫోన్ వచ్చింది. సంఘంలో ఆయనకు సొంత తమ్ముడిలాంటి మనిషి. నేనూ వినాలని నాన్న స్పీకర్ పెట్టారు.

"వందనాలన్నా. మళ్లీ మీ పేరుతో ఏదో వస్తోంది. ఈసారి వదినగారికి బాలేదని కూడా రాశారు, దుర్మార్గులు. మీరేం కంగారు పడకండి, మేమెవరం నమ్మలేదు."