సరోజమ్మ విదేశయానం

నాకు ఎదుటివాళ్ళకు మేలు చేసే జబ్బుంది. ఆ జబ్బుతోనే ఒక మనిషి నోటిదగ్గరి కూడు తీశాను. ఆమె అసలు పేరు బుచ్చమ్మ. నాకు మాత్రం నాలుగేళ్ళుగా సరోజమ్మగానే తెలుసు కాబట్టి మొదట ఆ పేరుతోనే చెబుతాను.

నా పేరు లీదియా. పుట్టింది తెనాలి, కాపురం నల్లగండ్ల. నగరపాలక సంస్థలో విదేశీ వ్యవహారాలు చూసే చిన్న విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం. మా పనేమిటో చెబితే చర్చిలో మావాళ్ళు నవ్వుతారు. ఏదో దేశంలోని నగరానికీ మన నగరానికీ అక్కచెల్లెళ్ళ వరస కలుపుతాం. రెండు జెండాలు, రెండు సంతకాలు, ఒక ఫొటో. ఆ తర్వాత వాళ్ళ మేయరు బృందం ఇక్కడికి వస్తుంది, మన బృందం అక్కడికి వెళుతుంది. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి, ఎవరు మాంసం తినరు, ఎవరికి ఏ శాలువా కప్పాలి, ఇవన్నీ నా నెత్తినే. శాలువాల ఎంపికలో నన్ను మించినవాళ్ళు ఆఫీసులో లేరు.

సరోజమ్మ ఖాజాగూడ చెరువు దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీల గేట్ల దాకా రోడ్డు ఊడ్చేది. నేను బస్సు మారేచోటే ఆమె పని ముగించుకుని టీ తాగేది. అలా పరిచయం. ఒకరోజు మా సోదర నగరాల కథ చెబితే గ్లాసు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

"అక్కచెల్లెండ్లా? మరి పెద్దదెవరు లీదియమ్మా?"

"ఇద్దరూ సమానమేనండి."

"గట్లెట్లుంటది? ఒగరు చీర పెడతరు, ఒగరు కట్టుకుంటరు."

ఇప్పటికి పదిహేను ఒప్పందాలు టైపు చేశాను. ఇంత సూటిగా ఒక్కదానిలోనూ రాయలేదు.

పోయిన ఫిబ్రవరిలో లిండ్‌హావెన్ నగరం నుంచి బృందం వచ్చింది. చలిదేశం, సముద్రపు ఒడ్డు ఊరు. కంపెనీల మధ్య రోడ్డు మీద వాళ్ళకు పన్నెండు నిమిషాల నడక కార్యక్రమం పెట్టాం. వాళ్ళ మేయరు పొడుగాటి పెద్దావిడ. ఊడుస్తున్న సరోజమ్మ దగ్గర ఆగి చీపురు అడిగి తీసుకుంది. గాలికి ఎదురుగా ఊడ్వబోతుంటే సరోజమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుని ఇటువైపు తిప్పింది. ఆ ఫొటో మర్నాడు అన్ని పేపర్లలోనూ వచ్చింది. నెల తిరక్కుండా లిండ్‌హావెన్ నుంచి ఉత్తరం. జూన్‌లో మీరు పంపే బృందంలో ఒక పారిశుధ్య కార్మికురాలు కూడా ఉంటే సంతోషిస్తామన్నారు. ఇంకెవరిని అడగను? ఫైల్లో నా చేత్తో సరోజమ్మ పేరు రాసి పైకి పంపాను. సంతకమై తిరిగొచ్చింది.

ఆ శుభవార్త చెప్పడానికి మిఠాయి పొట్లంతో వెళ్ళాను. సరోజమ్మ విని అలాగే ఫుట్‌పాత్ మీద కూలబడింది. సంతోషం పట్టలేక అనుకున్నాను.

"పేరు తీసెయ్ లీదియమ్మా. నీ కాళ్ళు మొక్కుత. గా పేరు నాది గాదు."

అప్పుడు చెప్పింది. సరోజమ్మ ఆమె తోటికోడలు. పదకొండేళ్ళ కిందట సరోజమ్మకు కిడ్నీలు పాడై దవాఖానలో పడితే, ఆమె బదులు ఈ బుచ్చమ్మ చీపురు పట్టింది. హాజరు వేసే జవాను లింగమూర్తి, "కొత్త పేరు ఎక్కించుడు కాదు. సరోజమ్మా అంటే పలుకు, సాలు" అన్నాడు. పలికింది. వేలిముద్రల మిషన్ వచ్చినప్పుడు సరోజమ్మ పేరు మీద బుచ్చమ్మ వేలు పెట్టించాడు. నాలుగేళ్ళకు అసలు సరోజమ్మ చనిపోయింది. పాలమూరు వైపు సొంత ఊళ్ళో మట్టి చేసి, మూడోరోజు తెల్లవారుజామున బుచ్చమ్మ మస్టర్ హాజరు దగ్గరికొచ్చి చచ్చినామె పేరు పిలిస్తే ఉన్నానంది. చావును ఎక్కడా రాయించలేదు. ఇంటికొచ్చి ఏడవను కూడా లేదు. ఏడిస్తే బస్తీకి తెలుస్తుంది, బస్తీకి తెలిస్తే మస్టర్‌కు తెలుస్తుంది. సరోజమ్మ కూతురు హర్షిణి బుచ్చమ్మ చేతుల్లోనే పెరిగి నర్సింగ్ రెండో ఏడాదికొచ్చింది. ఆ పిల్ల చదువు, ఇంటి కిరాయి, పొయ్యి, అన్నీ ఆ చీపురు మీదే నడుస్తున్నాయి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. వైద్యం చేసింది నేనే.

మా అధికారి మధుసూదన్ గారి దగ్గరికి వెళ్ళి, ఆమెకు మోకాళ్ళ నొప్పులండీ, వేరేవాళ్ళను పంపుదామన్నాను.

"మెడికల్ బోర్డుకు పంపండి లీదియా గారూ. కాకపోతే ఒక మాట. విమానం ఎక్కలేదని రాసే డాక్టరు చీపురు పట్టలేదని కూడా రాస్తాడు."

ఆమెకే ఇష్టం లేదండీ, ఇంటి దగ్గర ఇబ్బందులన్నాను. "అయితే నేనే వాళ్ళింటికెళ్ళి మాట్లాడతాను. వాళ్ళ మేయరు ఆమెను చూడాలని మళ్ళీ మెయిల్ పెట్టారు" అన్నాడు. ఆయన మంచివాడే, అదే మా ప్రాణానికి వచ్చింది. ఇల్లు చూస్తే ఇంట్లో ఆమె సొంత ఆధార్ కార్డు చూస్తాడు, చుట్టుపక్కలవాళ్ళు బుచ్చమ్మా అని పిలవడం వింటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం అక్కడే చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే పదకొండేళ్ళు దొంగపేరుతో పనిచేసిందని కేసవుతుంది, ఆ పేరు ఫైల్లో రాసింది ఎవరని నన్నూ అడుగుతారు. నా కాంట్రాక్టు గడువు జూన్‌లోనే. మింగేశాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, ఆరోజు మాత్రం భయమే ఉంది.

విషయం లింగమూర్తికి చెప్పాం. ఉపాయం చిటికెలో చెప్పాడు. "సరోజమ్మ ఆధార్ నా తాన ఉంది మేడం. ఫొటో పాతది, మబ్బుగుంటది. ముఖం ఎవలు సూస్తరు? పాస్‌పోర్టు అయితే అయిపాయె. పోయొస్తది." మధుసూదన్ గారు నన్నే తోడు వెళ్ళి పని చూసుకురమ్మన్నాడు. ఇక చూసుకోండి, ఇద్దరం పాస్‌పోర్టు ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. బుచ్చమ్మ కొత్త రవిక తొడుక్కుని, చచ్చినామె కార్డు పట్టుకుని కూర్చుంది.

కౌంటరు దగ్గర వేలిముద్రలు తీసుకుంటున్నారు. ఒక్కొక్కరే వెళ్ళి వేళ్ళు పెట్టి వస్తున్నారు. "సరోజమ్మ" అని పిలిచారు. బుచ్చమ్మ కదల్లేదు. పదకొండేళ్ళు మొదటి పిలుపుకే పలికిన మనిషి. మళ్ళీ పిలిచారు.

"పిలుస్తున్నారండి" అన్నాను. అవును, నేనే అన్నాను.

"మస్టర్ల పలికిన. గది పొట్టకు. గిది పొట్టకు గాదు గదా." గొంతు తగ్గించింది. "వేలు వెడితే జైలు. నేను జైలుకు వోతె పిల్లకు ఎవలున్నరు? సరోజ సచ్చిందని రాయించున్రి."

"మరి మీ పని?"

"పోతది."

మూడోసారి పిలిచేలోపు ఇద్దరం బయటికొచ్చేశాం. ఎండలో నిలబడి ఆమె ఆ కార్డును కొంగుకు కట్టుకుంది.

ఈ నిర్ణయానికి ఎక్కువగా ఊపిరి పీల్చుకున్నవాడు లింగమూర్తి. నాలుగురోజుల్లో ఊరి నుంచి కాగితం తెచ్చాడు. మొన్న మంగళవారం గుండె ఆగి సరోజమ్మ చనిపోయిందట. ఏడేళ్ళ కిందట పోయిన మనిషి మళ్ళీ పోయింది. ఈసారి కాగితంతో సహా.

లిండ్‌హావెన్ మేయరు రెండు పేజీల సంతాపం పంపింది. తెలుగు చేసింది నేను. మా ఆఫీసు హాల్లో సభ పెట్టారు. పేపర్లో వచ్చిన ఫొటోలో మేయరును కత్తిరించి, చీపురు పట్టుకున్న బుచ్చమ్మను పెద్దది చేసి, ఫ్రేము కట్టి దండ వేశారు. కింద 'కీర్తిశేషులు సరోజమ్మ'. కుటుంబ సభ్యులను పిలవాలి కదా, హర్షిణినీ, 'మృతురాలి తోటికోడలి'నీ పిలిచారు. పనిలో వేసుకునే నారింజ రంగు కోటు లేకుండా, కొంగు తలమీద కప్పుకుని బుచ్చమ్మ తన ఫొటోకు మూడు గజాల దూరంలో నిలబడింది. ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఆరోజు రోడ్డు మీద ఆమె పక్కనే నిలబడిన మధుసూదన్ గారు కూడా.

రెండు నిమిషాలు మౌనం పాటించండి అన్నారు. మొదటి నిమిషం పాటించాం. రెండో నిమిషంలో బుచ్చమ్మ ఏడుపు లేచింది. "సరోజా, ఓ సరోజా" అంటూ గోడకు జారగిలబడి గుండెలు బాదుకుంది. హర్షిణి "చిన్నమ్మా, సాలు చిన్నమ్మా" అంటూ పట్టుకోబోయి తనూ ఏడ్చింది. ఏడేళ్ళు దాచిన ఏడుపు అది, రెండు నిమిషాల్లో ఎలా అయిపోతుంది? మధుసూదన్ గారు కళ్ళు తుడుచుకుని వచ్చి ఆమె భుజాల మీద శాలువా కప్పాడు.

"మీ తోటికోడలు మహాతల్లి అమ్మా. నాకు బాగా తెలుసు" అన్నాడు.

ఆ శాలువా కూడా నేను ఎంపిక చేసిందే.

మర్నాడు మస్టర్‌లో సరోజమ్మ పేరు కొట్టేశారు. బుచ్చమ్మ పేరు ఎప్పుడూ లేదు కాబట్టి కొట్టేయడానికి ఏమీ మిగల్లేదు. కొత్త నియామకాలు లేవు. "ఎవలన్న మానేస్తే ఆళ్ళ పేరు మీద పెడత, అందాక నీ రోడ్డు ఇడవకు, ఇడిస్తే ఇంకోళ్ళు వడతరు" అన్నాడు లింగమూర్తి. అందుకని ఆమె ఇప్పటికీ తెల్లవారుజామునే వచ్చి వరుసలో చివర నిలబడుతుంది. పిలుపు అందరికీ అయ్యాక చీపురు తీసుకుని, జీతం లేకుండా, చెరువు దగ్గర్నుంచి గేట్ల దాకా ఊడుస్తుంది. ఎవరో ఒకరు జబ్బుపడాలి, లేదా చావాలి, అప్పుడు ఆమెకు పేరొస్తుంది. "గట్ల కోరుకోవద్దని రోజు దండం పెట్టుకుంట" అంది ఒకసారి. హర్షిణి కాలేజీ మానేసి తెల్లాపూర్‌లో ఒకరింట్లో చంటిపిల్లను చూసుకునే పనిలో చేరింది. కాలేజీ ఫీజుకు నేనూ చర్చిలో మావాళ్ళూ ఏదో సాయం చేస్తామంటే బుచ్చమ్మ నా ముఖంలోకి చూసి, "వద్దు లీదియమ్మా, నువ్వింగ ఏం చెయ్యకు" అంది. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది.

జూన్‌లో బృందం వెళ్ళొచ్చింది. సరోజమ్మ సీట్లో ఎవరి బావమరిదో వెళ్ళాడు. నా కాంట్రాక్టు పొడిగించారు. లిండ్‌హావెన్‌లో సముద్రం పక్కన ఒక పార్కులో సరోజమ్మ జ్ఞాపకార్థం మొక్క నాటి, రాతి పలక మీద పేరు చెక్కించారట. ఫొటో నా ఫోన్‌లోకి వచ్చింది. చూపించాలా వద్దా అని వారం ఊగిసలాడి, చివరికి టీ కొట్టు దగ్గర చూపించాను. అదీ జబ్బే.

బుచ్చమ్మ ఫోను అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. పలక మీద ఉన్నది చదివి వినిపించాను.

"సరోజ పేరే రాసిన్రు" అంది. వేలితో మొక్కను చూపించింది. "పెద్దగయితది ఈ చెట్టు?"

"అవుతుందండి. యాభై అడుగులట."

"ఆకులు మస్తు రాలుతయి." ఫోను నా చేతికిచ్చి చీపురు కట్టు బిగించుకుంది. "ఊడ్చెటామె ఒకామె ఉంటది గదా ఆడ. ఆమె, ఆమె పేరు మీదనే ఉంటదా లీదియమ్మా?"

ఆ నగరం మీద నలభై పేజీల నివేదిక రాసింది నేనే. తెలియదండి అన్నాను. అంతలో నా బస్సు వచ్చింది.